27 ఏళ్ల కొత్త ఆటగాడు



2014 ఆగస్టు 31న ఇంగ్లండ్‌లో లెస్టర్ సిటీ, ఆర్సెనల్ జట్ల మధ్య ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. చెరో గోలుతో డ్రా అయింది. జేమీ వార్డీ అనే ఫార్వర్డ్ ఆటగాడికి ఆ లీగ్‌లో అదే మొదటి మ్యాచ్. అప్పటికి అతని వయసు 27 ఏళ్ల 7 నెలలు.

వేరే రంగాల్లో అయితే అదొక వయసే కాదు. మన ఇళ్లలో 27 ఏళ్ల కుర్రవాడు గ్రూప్స్‌కి చదువుకుంటూ ఉంటే, వాడికేం, ఇంకా బోలెడు టైముంది అంటారు. ఫుట్‌బాల్‌లో లెక్క వేరు. పీలే 17 ఏళ్లకే 1958 ప్రపంచకప్ గెలిచాడు. వేన్ రూనీ 16 ఏళ్లకే ప్రీమియర్ లీగ్‌లో గోలు కొట్టాడు. మెస్సీ 17 ఏళ్లకు బార్సిలోనా సీనియర్ జట్టులో ఆడాడు. 30 దాటిందంటే చాలు, పత్రికలు ఆటగాణ్ణి వెటరన్ అని రాయడం మొదలుపెడతాయి. అలాంటి ఆటలో 27 ఏళ్లకు పై లీగ్‌లో అడుగుపెట్టిన వార్డీ, 29 ఏళ్లకు చాంపియన్ జట్టులో ఉన్నాడు. 33 ఏళ్లకు ఆ లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు.

ఇలాంటి కథ వినగానే పట్టుదల ఉంటే సాధించలేనిది లేదని ఒక మాట అనేసి ఊరుకుంటాం. పట్టుదల అవసరమే, కాదనను. కాని పట్టుదల ఉన్న కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళలో ఏ కొద్దిమందికో పెద్ద వయసులో కూడా పైకి వచ్చే అవకాశం దొరికింది. ఆ అవకాశం ఎక్కడ నుంచి వచ్చింది? వాళ్ళ చుట్టూ ఏముంది? ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించి.

ముందు, ఆటగాడు ఆలస్యం ఎందుకవుతాడో చూద్దాం. ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బుల అకాడమీలు 9 ఏళ్ల లోపు పిల్లల జట్లతోనే మొదలవుతాయి. ఏటా కొందరిని ఉంచుకుంటారు, కొందరిని పంపించేస్తారు. 16 ఏళ్ల దగ్గర ఒక పెద్ద వడపోత, 18 దగ్గర ఇంకొకటి. అక్కడ కాంట్రాక్టు దక్కినవాడు ప్రొఫెషనల్ అవుతాడు. దక్కనివాడు సంచీ సర్దుకుని ఇంటికి వెళతాడు. పదేళ్లుగా ఆట తప్ప వేరే ధ్యాస లేని పిల్లవాడు ఒక్క మధ్యాహ్నం మీటింగ్‌తో మామూలు మనిషి అయిపోతాడు.

ఈ వడపోతలో ఒక చిక్కుంది. అక్కడ వయసు విభాగాలను సెప్టెంబరు 1 నుంచి లెక్కేస్తారు. సెప్టెంబరులో పుట్టిన పిల్లవాడూ, ఆ తర్వాతి ఆగస్టులో పుట్టిన పిల్లవాడూ ఒకే జట్టు కోసం పోటీపడాలి. ఇద్దరికీ దాదాపు ఏడాది తేడా. 10 ఏళ్ల వయసులో ఏడాదంటే తక్కువా? ఎత్తులో తేడా, బరువులో తేడా, పరుగులో తేడా. పెద్దవాడు బంతి లాగేసుకుంటే కోచ్‌కి అది ప్రతిభగా కనిపిస్తుంది. ఎంపికైనవాడికి మంచి శిక్షణ దొరుకుతుంది కాబట్టి రెండేళ్లు తిరిగేసరికి ఆ ప్రతిభ నిజంగానే వచ్చేస్తుంది. ఎంపిక సంవత్సరం మొదటి నెలల్లో పుట్టినవాళ్ళే అకాడమీల్లో ఎక్కువగా ఉంటారని చాలా దేశాల్లో పరిశోధకులు గమనించారు. మన దగ్గర అండర్-14 సెలక్షన్స్‌కి పిల్లల్ని తీసుకెళ్ళిన తల్లిదండ్రులకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పుట్టిన తేదీ సర్టిఫికెట్ల గురించి అక్కడ అన్ని గొడవలు ఎందుకవుతాయో వాళ్ళకు తెలుసు.

పుట్టిన నెలకు తోడు ఎదుగుదల ఒకటి. కొందరు 13 ఏళ్లకే గొంతు మారి, భుజాలు విచ్చుకుని మగవాళ్ళలా తయారవుతారు. కొందరికి ఆ ఎదుగుదల 16 దాటాకగాని రాదు. 16 ఏళ్ల దగ్గర తీర్పు చెప్పేవాళ్ళు ఈ రెండోరకం వాళ్ళకు ఎప్పుడూ అన్యాయం చేస్తూనే ఉంటారు. కావాలని కాదు. వాళ్ళ ముందున్నది ఆ రోజు కనిపిస్తున్న కుర్రవాడే గాని, ఐదేళ్ల తర్వాతి మనిషి కాదు.

జేమీ వార్డీ ఆ రెండోరకం కుర్రవాడే. ఉక్కు పరిశ్రమకు పేరుపడ్డ షెఫీల్డ్ నగరంలో పుట్టాడు. తను అభిమానించే షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బులోనే పిల్లల జట్టులో ఆడాడు. 16 ఏళ్లకు, బాగా పొట్టిగా ఉన్నావని చెప్పి పంపించేశారు. కొంతకాలం ఆట జోలికే పోలేదు. తర్వాత ఊరి పక్కనున్న స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అనే చిన్న క్లబ్బులో చేరాడు. సీనియర్ జట్టుకు వచ్చాక వారానికి 30 పౌండ్లు ఇచ్చేవారు. ఆ డబ్బుతో బతకడం కుదరదు కాబట్టి పగలు ఫ్యాక్టరీలో పని. కాళ్లకు ఆసరాగా కట్టే వైద్య పరికరాలు తయారుచేసేవాడు.

2007లో పబ్బు దగ్గర జరిగిన కొట్లాటలో అతనికి శిక్ష పడింది. జైలుకు పంపలేదు గాని, కాలికి ఎలక్ట్రానిక్ ట్యాగ్ తగిలించారు. సాయంత్రం ఫలానా వేళకల్లా ఇంట్లో ఉండాలి. ఆట మానలేదు. ట్యాగ్ కాలికి ఉండగానే మేజోడు పైకి లాక్కుని మైదానంలోకి దిగేవాడు. దూరపు ఊళ్ళలో మ్యాచ్ ఉంటే పూర్తయ్యేదాకా ఉండే వీల్లేదు. గంటసేపు ఆడి, మేనేజర్ సైగ చేయగానే బయటికొచ్చి, కంచె దూకి, అవతల కారు స్టార్ట్ చేసి సిద్ధంగా ఉన్న అమ్మానాన్నల దగ్గరకు పరిగెత్తేవాడు. ఆ గంటలో తన జట్టును గెలిచే స్థితిలో నిలబెట్టి వెళ్ళాలనే తొందరతో ఆడేవాణ్ణని తర్వాత అతనే చెప్పుకున్నాడు.

ఇక్కడ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ నిర్మాణం గురించి కాస్త చెప్పాలి. పైన నాలుగు డివిజన్లు, వాటిలో కలిపి 92 క్లబ్బులు. మనం టీవీలో చూసేది అందులో మొదటి 20. ఈ నాలుగింటి కింద ఐదో అంచె, ఆరో అంచె, ఏడు, ఎనిమిది, ఇంకా కిందికి, జిల్లా జట్ల దాకా మెట్లు ఉంటాయి. ప్రతి మెట్టు మీదా సీజన్ పొడుగునా మ్యాచ్‌లు. ప్రతి మెట్టు నుంచీ గెలిచినవాళ్ళు పైకి, ఓడినవాళ్ళు కిందికి. పైన ఆడేవాళ్ళకు ఆటే ఉద్యోగం. కింద ఆడేవాళ్ళలో ఎలక్ట్రీషియన్లు, టీచర్లు, తాపీ పనివాళ్ళు, పోస్టుమన్లు ఉంటారు. మామూలుగా వారంలో రెండు సాయంత్రాలు ప్రాక్టీసు, శనివారం మ్యాచ్. వార్డీ మొదలుపెట్టినప్పుడు స్టాక్స్‌బ్రిడ్జ్ జట్టు ఎనిమిదో అంచెలో ఉంది.

అక్కణ్ణుంచి లెక్కపెట్టండి. 2010లో హాలిఫాక్స్ క్లబ్బు 15 వేల పౌండ్లిచ్చి అతన్ని కొనుక్కుంది. ఏడో అంచె. అక్కడ గోల్స్ కొట్టి జట్టును పైకి చేర్చాడు. మరుసటి ఏడాది ఐదో అంచెలోని ఫ్లీట్‌వుడ్ క్లబ్బు లక్షా 50 వేల పౌండ్లు పెట్టింది. ఆ సీజన్ లీగ్ మ్యాచ్‌లలో 31 గోల్స్ కొట్టాడు, క్లబ్బు చాంపియన్ అయింది. 2012లో రెండో డివిజన్‌లో ఉన్న లెస్టర్ సిటీ 10 లక్షల పౌండ్లు ఇచ్చి తీసుకుంది. మొదటి నాలుగు డివిజన్లకు బయట ఆడుతున్న ఆటగాడికి అంతకుముందు ఎవరూ అంత ధర పెట్టలేదు. అప్పుడతనికి 25 ఏళ్లు.

అక్కడితో కథ సుఖాంతం కాలేదు. లెస్టర్‌లో మొదటి సీజన్ దారుణంగా గడిచింది. లీగ్‌లో 4 గోల్స్ కొట్టాడంతే. ఈ స్థాయికి నేను పనికిరానేమో, మానేద్దామా అనుకునే దాకా వచ్చింది. మేనేజర్ నైజెల్ పియర్సన్, ఆయన సహాయకులు కూర్చోబెట్టి మాట్లాడి ఆపారు. తర్వాతి సీజన్‌లో 16 గోల్స్ కొట్టాడు, లెస్టర్ ప్రీమియర్ లీగ్‌కి చేరింది. 2015-16 సీజన్ మొదట్లో బెట్టింగ్ కంపెనీలు లెస్టర్ చాంపియన్ అవుతుందంటే ఒకటికి ఐదు వేలు ఇస్తామన్నాయి. ఆ ఏడాది వార్డీ వరసగా 11 లీగ్ మ్యాచ్‌లలో గోల్స్ కొట్టాడు. రూడ్ వాన్ నిస్టెల్‌రాయ్ పేరిట ఉన్న 10 మ్యాచ్‌ల రికార్డును 2015 నవంబరు 28న, వాన్ నిస్టెల్‌రాయ్ పాత క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ మీదే గోలు కొట్టి దాటేశాడు. సీజన్ ముగిసేసరికి లెస్టర్ చాంపియన్.

ఆ జట్టులో ఇంకో ఇద్దర్ని గమనించండి. రియాద్ మహ్రెజ్ ఫ్రాన్స్‌లో కెంపేర్ అనే చిన్న క్లబ్బులో మొదలుపెట్టినవాడు. ఎన్‌గోలో కాంటే పొట్టివాడని పెద్ద అకాడమీలు వద్దనుకున్న కుర్రవాడు. 21 ఏళ్లు నిండాక కూడా ఫ్రాన్స్ మూడో డివిజన్‌లో ఆడుతున్నాడు. 2018లో అదే కాంటే ఫ్రాన్స్ తరఫున ప్రపంచకప్ అందుకున్నాడు. కోట్లు గుమ్మరించే క్లబ్బులు వద్దనుకున్నవాళ్ళు ముగ్గురు ఒకే జట్టులో కలిసి ఆ క్లబ్బులన్నిటినీ వెనక్కి నెట్టారు. వడపోతలో ఎంత సరుకు కింద పడిపోతోందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

వార్డీకి ముందు తరంలో ఇయాన్ రైట్ ఉన్నాడు. 1963లో లండన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జమైకా నుంచి వలస వచ్చినవాళ్ళు. ఇంట్లో సవతి తండ్రి కాఠిన్యం, స్కూల్లో అల్లరి. ఆ స్కూల్లో సిడ్నీ పిగ్డెన్ అనే మాస్టారు అతన్ని చేరదీశారు. రెండో ప్రపంచయుద్ధంలో విమానం నడిపిన మనిషి. క్లాసు బయట నిలబెట్టిన కుర్రవాణ్ణి పిలిచి చిన్న చిన్న పనులు అప్పగించారు. చదువు చెప్పారు. ఫుట్‌బాల్‌లో ఒక పాఠం చెప్పారు: గోలు ముందు తొందరపడి బలం కొద్దీ తన్నకు, నెమ్మదిగా చూసి బంతిని మూలకు పంపు అని.

కుర్రవాడు ఆడాడు. క్లబ్బులు తీసుకోలేదు. బ్రైటన్, సౌత్ఎండ్ క్లబ్బుల ట్రయల్స్‌లో నెగ్గలేకపోయాడు. పొట్టకూటికి కట్టడం పనుల్లో చేరాడు. చిన్న వయసులోనే పిల్లల తండ్రి అయ్యాడు. బండికి సంబంధించిన జరిమానాలు కట్టనందుకు 19 ఏళ్లప్పుడు చెమ్స్‌ఫర్డ్ జైలుకు కూడా వెళ్ళాడు. ఆట మాత్రం వదల్లేదు. ఆదివారం పార్కుల్లో జరిగే మ్యాచ్‌లు, గ్రీనిచ్ బరో అనే ప్రొఫెషనల్ కాని క్లబ్బు తరఫున ఆటలు. అక్కడ అతన్ని గమనించినవాళ్ళ మాట మీద క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బు ట్రయల్‌కి పిలిచింది. మేనేజర్ స్టీవ్ కాపెల్‌కి నచ్చాడు. 1985 ఆగస్టులో కాంట్రాక్టు మీద సంతకం పెట్టినప్పుడు అతనికి 22 నిండడానికి మూడు నెలలు తక్కువ. ఇవాళ మనకు 22 చిన్న వయసే. ఫుట్‌బాల్ లెక్కలో మాత్రం అది తలుపులు మూసేసిన తర్వాతి వేళ.

1990లో ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ టోర్నీ అయిన ఎఫ్.ఎ. కప్ ఫైనల్‌కి ప్యాలెస్ చేరింది. ఆ సీజన్‌లో రైట్ కాలు రెండుసార్లు విరిగింది. ఫైనల్‌కి పూర్తి ఫిట్‌గా లేడు, బెంచీ మీద కూర్చున్నాడు. మాంచెస్టర్ యునైటెడ్ 2-1 ఆధిక్యంలో ఉండగా సబ్‌స్టిట్యూట్‌గా దిగి, కాసేపట్లోనే స్కోరు సమం చేశాడు. ఎక్‌స్ట్రా టైములో ఇంకో గోలు కొట్టి ప్యాలెస్‌ని ముందుకు తీసుకెళ్ళాడు. చివరికి 3-3 డ్రా అయింది, మళ్లీ ఆడినప్పుడు యునైటెడ్ గెలిచింది. కాని ఆ రోజుతో దేశమంతా రైట్ పేరు తెలిసింది. మరుసటి ఏడాది ఆర్సెనల్ 25 లక్షల పౌండ్లకు కొనుక్కుంది.

ఆర్సెనల్‌లో అప్పటిదాకా అందరికంటే ఎక్కువ గోల్స్ క్లిఫ్ బాస్టిన్‌వి, 178. 1997 సెప్టెంబరులో బోల్టన్ మీద మ్యాచ్‌లో రైట్ ఒక గోలు కొట్టి జెర్సీ పైకెత్తాడు. లోపలి బనీను మీద 179 అని, పని అయిపోయిందని రాసుంది. నిజానికి అది 178వ గోలు, రికార్డు సమం అయిందంతే. సంతోషం పట్టలేక ఒక గోలు ముందే సంబరం చేసేసుకున్నాడు! కొద్ది నిమిషాల్లోనే 179 కూడా కొట్టేశాడు. మొత్తం 185 గోల్స్‌తో ఆ క్లబ్బు వదిలాడు.

ఆట నుంచి రిటైరయ్యాక ఒక డాక్యుమెంటరీ కోసం ఖాళీ స్టేడియంలో నిలబడి మాట్లాడుతున్నాడు. వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. తిరిగి చూస్తే పిగ్డెన్ మాస్టారు. ఆయన ఎప్పుడో చనిపోయారనుకుంటున్నాడు. ఆ క్షణంలో అతని చెయ్యి చేసిన మొదటి పని, తల మీద టోపీ తియ్యడం. స్కూల్లో మాస్టారి ముందు నిలబడ్డ పిల్లవాడిలా టోపీ చేత్తో పట్టుకుని ఏడ్చాడు. లక్షలమంది చూశారు ఆ దృశ్యాన్ని.

ఇంగ్లండ్ ఒక్కటే కాదు. జర్మనీకి రండి. ప్రపంచకప్ చరిత్రలో 16 గోల్స్ కొట్టిన మిరోస్లావ్ క్లోజ 19 ఏళ్ల వయసులో ఏం చేస్తున్నాడు? ఇళ్ల కప్పులకు దూలాలు, వాసాలు అమర్చే వడ్రంగం నేర్చుకుని, బ్లౌబాఖ్ అనే పల్లె జట్టుకు ఏడో డివిజన్‌లో ఆడుతున్నాడు. పోలండ్‌లో పుట్టి, 8 ఏళ్లప్పుడు జర్మన్ భాష దాదాపు ఏమీ రాకుండా ఆ దేశం వచ్చినవాడు. 1998లో హోంబుర్గ్ క్లబ్బుకు, మరుసటి ఏడాది కైజర్‌స్లాటర్న్‌కి వెళ్ళాడు. 2002 ప్రపంచకప్‌లో 5 గోల్స్ కొట్టాడు, ఐదూ తలతోనే. 2014లో, 36 ఏళ్ల వయసులో, బ్రెజిల్ మీద సెమీఫైనల్లో 16వ గోలు కొట్టి, ఆ దేశానికే చెందిన రొనాల్డో రికార్డును దాటాడు.

ఇటలీలో జూనియర్ మెస్సియాస్ కథ ఇంకా విచిత్రం. బ్రెజిల్ నుంచి 20 ఏళ్లప్పుడు టురిన్ నగరానికి బతుకుతెరువు కోసం వచ్చాడు. ఇళ్లకు ఫ్రిజ్‌లు మోసుకెళ్ళి దింపే పని. లిఫ్టు లేని బిల్డింగుల్లో ఫ్రిజ్ వీపున మోస్తూ మెట్లెక్కడం అంటే ఏమిటో, ఆ పని చేసేవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు కాబట్టి మనకు తెలుసు. సెలవు దొరికితే వలసవాళ్ళ జట్టులో ఆడేవాడు. ఎజియో రోసీ అనే మాజీ ఆటగాడు, కోచ్, ఆ ఆట చూసి 2015లో కసాలే అనే చిన్న క్లబ్బుకు తీసుకెళ్ళాడు. అక్కణ్ణుంచి ఒక్కో డివిజన్. 27 ఏళ్లకు మూడో డివిజన్, 28కి రెండో డివిజన్, 29కి క్రొటోనే జట్టుతో ఇటలీ మొదటి డివిజన్. 30 ఏళ్లకు ఏ.సి. మిలాన్! 2021 నవంబరు 24న మాడ్రిడ్‌లో అట్లెటికో మీద చాంపియన్స్ లీగ్ మ్యాచ్. ఆ టోర్నీలో అతనికి అదే మొదటి ఆట. ఇంకో మూడు నిమిషాల్లో 90 నిమిషాలు పూర్తవుతాయనగా తలతో గోలు కొట్టాడు, మిలాన్ 1-0తో గెలిచింది. ఆ సీజన్‌లోనే మిలాన్ 11 ఏళ్ల తర్వాత లీగ్ చాంపియన్ అయింది.

ఫ్యాక్టరీ పనివాడు, తాపీ పనివాడు, వడ్రంగి, ఫ్రిజ్‌లు మోసినవాడు. నలుగురూ మూడు దేశాల్లో, వేరువేరు కాలాల్లో ఆడారు. నలుగురిలో ఉమ్మడిగా కనిపించేవి మూడు.

ఒకటి, పెద్దయ్యాక ఆడుకోవడానికి వాళ్ళకు లీగ్ ఉంది. టోర్నమెంట్ కాదు, లీగ్. టోర్నమెంట్ అంటే పండగకు మూడు రోజులు ఆడి, కప్పు పంచుకుని, మళ్లీ ఏడాది దాకా మరిచిపోయేది. లీగ్ అంటే వారం వారం, నెలల తరబడి ఆట. ఉద్యోగం చేసుకుంటూ ఆడగల వేళలు, రిజిస్టర్ అయిన జట్లు, లెక్కల్లోకెక్కే గోల్స్. ఆ లెక్కలే పై క్లబ్బు కంట పడతాయి. రెండు, మెట్టుకూ మెట్టుకూ మధ్య తెరిచిన తలుపు ఉంది. మూడు, ఎవరో ఒకరు వెళ్ళి చూశారు. ఎజియో రోసీ వెళ్ళి చూడకపోతే మెస్సియాస్ ఇప్పటికీ టురిన్‌లో ఫ్రిజ్‌లు మోస్తూ ఉండేవాడు.

ఆలస్యంగా వచ్చినవాళ్ళకు లోటు లేదని కాదు. జట్టుగా ఎలా కదలాలి, ఎప్పుడు ఎక్కడ నిలబడాలి, ఏం తినాలి, ఎంత నిద్రపోవాలి – అకాడమీ పిల్లలకు ఒంటబట్టిన ఈ సంగతులన్నీ వీళ్ళు 25 ఏళ్లకు మొదలుపెట్టి నేర్చుకోవాలి. వార్డీ మొదటి సీజన్ తడబాటుకు కొంత కారణం అదే. వాళ్ళ దగ్గర ఉన్నదేమిటంటే, 18 ఏళ్లకే బురద మైదానాల్లో 30 ఏళ్ల మగవాళ్ళతో ఢీకొట్టిన అనుభవం. అకాడమీలో అది దొరకదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఒక వార్డీ వెనక, అదే ఎనిమిదో అంచెలో ఆడి అక్కడే ఆగిపోయినవాళ్ళు వేలమంది ఉన్నారు. వాళ్ళ పట్టుదలేమీ తక్కువ కాదు. కాబట్టి ఈ కథలు విని ఎవరూ ఉద్యోగాలు వదులుకోవద్దు. వార్డీ అయినా, రైట్ అయినా, మెస్సియాస్ అయినా కాంట్రాక్టు చేతికొచ్చేదాకా పని మానలేదు.

ఆడవాళ్ళ సంగతి చూస్తే, వ్యవస్థ ఎంత ముఖ్యమో ఇంకా బాగా అర్థమవుతుంది. 1921లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన కింది క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళు ఆడకూడదని నిషేధించింది. దాదాపు 50 ఏళ్లు ఆ నిషేధం కొనసాగింది. అక్కడి మహిళల పై లీగ్ పూర్తిగా ప్రొఫెషనల్ అయింది 2018లో. అంతకుముందు తరాల్లో ఎంత గొప్ప ఆటగత్తె అయినా ఆట మీద బతకడం కష్టం. లీగ్ ప్రొఫెషనల్ అయ్యేనాటికి 25, 30 ఏళ్లు వచ్చేసిన ఆటగత్తెలను ఆలస్యంగా వచ్చారని ఎవరనగలరు? ఆలస్యంగా వచ్చింది లీగ్.

ఇక మన దగ్గరికి వస్తాను. హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ అంతకుముందు బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ రోజుల్లో మన ఆటగాళ్ళకు అకాడమీలు లేవు. పోలీసు శాఖలోనో, రైల్వేలోనో ఒక ఉద్యోగం ఉండేది, సాయంత్రం ఆడుకోవడానికి ఒక మైదానం ఉండేది. నెల జీతం వస్తుంది కాబట్టి 22 ఏళ్లు వచ్చినా, 25 వచ్చినా ఆట సాగేది. ప్రొఫెషనల్ అన్న పేరు లేకపోయినా, పెద్దవాడు ఆడటానికి ఒక దారి మాత్రం ఉండేది.

ఇప్పుడు? ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైంది. డబ్బు వచ్చింది, టీవీ వచ్చింది. కాని చాలా ఏళ్లపాటు, కింది లీగ్ గెలిచిన జట్టుకు గెలుపు మీద పైకి వెళ్ళే వీలు లేదు. 2023లో ఆ కింది లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచిన పంజాబ్ జట్టే ఆ దారిలో పైకి వెళ్ళిన మొదటి జట్టు. ఒక్క తలుపు తెరుచుకోవడానికి అన్నేళ్లు పట్టింది. దానికి కింద, జిల్లా స్థాయిలో ఇంకా ఎన్ని తలుపులు తెరవాలో ఆలోచించండి. మన తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల ఇంటర్ దాకా స్కూలు టీములో మెరిసిన కుర్రవాడు 19 ఏళ్లకు ఎక్కడ ఆడాలి? యూనివర్సిటీ జట్టు ఒకటి. అది దాటితే సంక్రాంతి టోర్నమెంటు. ఆ తర్వాత సెల్‌ఫోన్‌లో ఇతరుల ఆట చూడటమే.

అందుకని ముగ్గురికి మూడు మనవులు చేసుకుంటాను.

మొదటిది, స్కూళ్ళలో ఉన్న పీఈటీ మాస్టార్లకు, కోచ్‌లకు. 14 ఏళ్ల పిల్లవాణ్ణి ఈసారి జట్టులోకి తీసుకోలేకపోతే తీసుకోవద్దు. కాని నువ్వు పనికిరావని మాత్రం అనకండి. ఏడాది తర్వాత మళ్లీ రమ్మనండి. వాడి పుట్టిన నెల ఒకసారి చూడండి.

రెండోది, జిల్లా క్రీడా సంఘాలకు, ఊళ్ళలో జట్లు నడిపే పెద్దలకు. కప్పులకు, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించి 18 దాటినవాళ్ళకు ఒక లీగ్ పెట్టండి. పది ఊళ్ళు, పది జట్లు, శనాదివారాల్లో మ్యాచ్‌లు, నాలుగైదు నెలలు. ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారో రాసిపెట్టండి. గెలిచిన జట్టు పక్క జిల్లా జట్టుతో ఆడే ఏర్పాటు చెయ్యండి. దీనికి స్టేడియం అక్కర్లేదు. ఒక మైదానం, ఒక రిఫరీ, ఒక రిజిస్టరు చాలు.

మూడోది, 20, 25 ఏళ్ల తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు. ఎప్పుడో ఎవరో వద్దన్నారని బూట్లు అటక మీద పడేసినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. ఉద్యోగం చేసుకోండి, ఇల్లు చూసుకోండి, వారానికి రెండు రోజులు ఆడండి. అందరూ వార్డీలు కారు. కాకపోయినా ఆట ఎక్కడికీ పోదు.

16 ఏళ్ల దగ్గర చెప్పే తీర్పు చాలాసార్లు తప్పుతుందని రుజువైంది. దాన్ని దిద్దుకునే వీలు కల్పించిన దేశాలకు వార్డీలు, క్లోజలు దొరికారు. ఆ వీలు కల్పించని చోట ఎంతమందిని పోగొట్టుకున్నామో లెక్క తెలిసే మార్గం కూడా లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఈ పని ఏ ఒక్క జిల్లా మొదలుపెట్టినా మిగతావాళ్ళు అనుసరిస్తారని నా నమ్మకం.